లాన్వా 'అకాడీ': అడుగు నుంచి వినాల్సిన ఆల్బమ్

కెనడా సంగీతకారుడు డానియెల్ లాన్వా 1989లో విడుదల చేసిన 'అకాడీ'ని కొత్తగా వినబోయేవాళ్లు రెండో పాట 'ద మేకర్'తో మొదలుపెట్టడం మేలు. ఆల్బమ్ మొత్తం ఏ పద్ధతిలో కట్టారో ఆ ఒక్క పాటలోనే తేటగా తెలుస్తుంది. మాటల వరకు చూస్తే అది సృష్టికర్త ముందు నిలబడ్డ ఒక దారితప్పినవాడి మొర. బైబిలు పోలికలు, నల్లటి నీళ్లు, అలసిన ఒళ్లు. ఒక్క గిటారు పట్టుకుని పాడినా నిలబడే పాట. కానీ ఇక్కడ దాన్ని భుజాన వేసుకుని నడిచేది బేస్ గిటారు. జమైకా డబ్ (రెగె పాటలను బేస్, ప్రతిధ్వని ముందుకొచ్చేలా మళ్లీ మలిచే పద్ధతి) రికార్డుల్లో ఉండేంత బరువుతో, తొందర లేకుండా, స్వరాల మధ్య ఖాళీలు వదులుతూ నడుస్తుంది. దాని పక్కన అమెరికా లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లియన్స్ తరహా డ్రమ్స్. వీటన్నిటి మీద, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పలేని గిటారు ధ్వని పొగలా పరుచుకుని ఉంటుంది. జానపదం, గాస్పెల్ (చర్చి భక్తిగీతాలు), డబ్, యాంబియెంట్ (వాతావరణంలా పరుచుకునే సంగీతం) నాలుగూ ఇందులో ఉన్నాయి. అయినా విడివిడిగా లెక్కపెట్టాలని కూర్చుంటే తప్ప ఆ సంగతి తట్టదు.

లాన్వా పేరు ఎక్కువమందికి ప్రొడ్యూసర్‌గానే, అంటే ఇతరుల రికార్డులను మలిచేవాడిగానే తెలుసు. 1951లో కెనడాలోని కెబెక్ రాష్ట్రం హల్ పట్టణంలో, ఫ్రెంచి మాట్లాడే ఇంట్లో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం ఒంటారియోలోని హామిల్టన్ వైపు మారింది. అన్న బాబ్‌తో కలిసి తల్లి ఇంటి నేలమాళిగలో రికార్డింగ్ మొదలుపెట్టాడు. పిల్లల పాటల గాయకుడు రాఫీ 1976లో పిల్లల కోసం తెచ్చిన మొదటి ఆల్బమ్ ఆ నేలమాళిగలో తయారైనదే. తర్వాత హామిల్టన్‌లో గ్రాంట్ అవెన్యూ స్టూడియో, అక్కడికి ఇంగ్లండ్ ప్రొడ్యూసర్ బ్రయన్ ఈనో రాక, ఈనోతో కలిసి ఐర్లండ్ రాక్ బృందం యూటూకు 'ది అన్‌ఫర్గెటబుల్ ఫైర్' (1984), 'ద జాషువా ట్రీ' (1987), మధ్యలో పీటర్ గాబ్రియెల్ 'సో' (1986). 1989లో న్యూ ఆర్లియన్స్ బృందం నెవిల్ బ్రదర్స్ 'యెల్లో మూన్', బాబ్ డిలన్ 'ఓ మెర్సీ' ఆయన చేతుల మీదుగా వచ్చాయి. ఆ రెండూ న్యూ ఆర్లియన్స్‌లో రికార్డయ్యాయి. అదే ఏడాది, అదే ఊరి గాలి పీల్చుకుని వచ్చిన మూడో రికార్డు ఈ 'అకాడీ'. మిగతా రెండింటి నీడలో పడి, దక్కాల్సినంత పేరు దీనికి దక్కలేదు.

ఆల్బమ్ పేరు వెనక ఉన్న చరిత్ర తెలిస్తే పాటలు ఇంకో రకంగా వినిపిస్తాయి. అకాడీ అంటే ఇప్పటి కెనడా తూర్పు తీరంలో, నోవా స్కోషియా చుట్టుపక్కల ఉండిన ఫ్రెంచి వలస ప్రాంతం. 1755 నుంచి బ్రిటిష్ అధికారులు అక్కడి వాళ్లను వేలల్లో బలవంతంగా వెళ్లగొట్టారు. చెల్లాచెదురైన వాళ్లలో కొందరు చివరికి లూసియానా చేరారు. ఇవాళ కేజన్లు అంటున్నది వాళ్ల సంతతినే. హల్ పట్టణం అకాడీలో లేదు కాబట్టి లాన్వా పెట్టుకున్నది అరువు పేరే. అయినా చెల్లుతుంది. ఫ్రెంచి కెనడాలో పుట్టి లూసియానాలో రికార్డు చేస్తున్న మనిషికి ఆ వలస దారి రెండు కొసలూ తెలుసు. ఈ ఆల్బమ్‌లో ఎముక ఉత్తరాదిది, నడక దక్షిణాదిది.

ఎముక, నడక అన్న మాటలు అలంకారానికి వాడినవి కావు. రకరకాల సంగీతాలను కలిపే ఆల్బమ్‌లు చాలా వరకు ఎందుకు తేలిపోతాయో చూస్తే లాన్వా చేసిన పని అర్థమవుతుంది. సాధారణంగా కలపడమంటే వాద్యాలు కలపడం. జానపద పాటకు ఒక అకార్డియన్, దాని కింద ప్రోగ్రామ్ చేసిన డ్రమ్స్, పక్కన సింథసైజర్. అప్పుడు అన్నీ వచ్చి ధ్వని ఎత్తుల మధ్యభాగంలో, 300 నుంచి 3000 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) మధ్య ఇరుక్కుంటాయి. గొంతు ఉండేదీ అక్కడే, మాట తెలిసేదీ అక్కడే. ఇరుకు పెరిగేకొద్దీ గొంతు వాల్యూమ్ పెంచుతారు, దానికి పోటీగా మిగతావీ పెరుగుతాయి, చివరికి ఏ వాద్యమూ విడిగా వినపడదు. లాన్వా మధ్యభాగాన్ని దాదాపు ఖాళీగా ఉంచి అందులో గొంతునూ ఒక గిటారునూ కూర్చోబెట్టాడు. కలిపే పనంతా ఆ భాగానికి కిందా పైనా జరిగింది. కింద బేస్, డ్రమ్స్. పైన మీటిన క్షణపు పదును వినిపించని గిటారు పొరలు, పెడల్ స్టీల్ (తీగల మీద ఉక్కు కడ్డీ జార్చి వాయించే గిటారు), కీబోర్డులు. పాట ఏ జాతిదో మధ్యభాగం చెబుతుంది, ఏ ఊళ్లో నడుస్తోందో అడుగుభాగం చెబుతుంది. అందుకే కేజన్ వాసన రావడానికి ఫిడిల్, అకార్డియన్ల మీద భారం వేయాల్సిన పని పడలేదు.

నెవిల్ బ్రదర్స్ డ్రమ్మర్ విల్లీ గ్రీన్, బేస్ వాయించే టోనీ హాల్ ఈ ఆల్బమ్‌కు పనిచేశారు. న్యూ ఆర్లియన్స్ ఊరేగింపు బ్యాండ్ల నుంచి వచ్చిన సెకండ్ లైన్ నడకలో ఒక కిటుకు ఉంది. దెబ్బల జంటలో రెండోది సరిగ్గా మధ్యలో, అంటే 50 శాతం దగ్గర పడితే అది తిన్నని నడక. 66 శాతం దగ్గర పడితే పూర్తి స్వింగ్. ఆ ఊరి డ్రమ్మర్లు ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో కొడతారు, ఆ చోటు కూడా పాట సాగుతుండగా జరుగుతూ ఉంటుంది. దీన్ని కంప్యూటర్‌లో గీతకు తెచ్చి సరిచేశారంటే నడక చచ్చిపోతుంది. ఇలాంటి ధ్వని కావాలని ప్రయత్నించేవాళ్లు మొదట పోగొట్టుకునేది దీన్నే. యూటూ నుంచి ఆడమ్ క్లేటన్, లారీ ముల్లెన్ కూడా ఆల్బమ్‌లో ఉన్నారు. మొదటి పాట 'స్టిల్ వాటర్'లో వాళ్ల వాయింపు తిన్నగా, గట్టి నేల మీద అడుగులేసినట్టు ఉంటుంది. దాని వెంటనే 'ద మేకర్' పెట్టడంతో లయలో వచ్చిన మార్పు ఒంటికే తెలుస్తుంది.

ఇక పైనున్న గాలి సంగతి. లాన్వా రికార్డులంటే రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టు సాగే తోక) అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ ఆ పరపులో ఎక్కువ భాగం డిలేది (కాస్త ఆగి మళ్లీ పలికే ప్రతిధ్వని). గిటారు స్వరాన్ని పాట వేగానికి లెక్క కట్టిన వ్యవధిలో తిరిగి పలికిస్తే అది లయలో భాగమైపోతుంది. లెక్క సులువు: 60,000ను నిమిషానికి పడే బీట్లతో భాగిస్తే ఒక బీటు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 80 బీట్ల పాటకు 750. అందులో నాలుగింట మూడొంతులు, అంటే 562 దగ్గర డిలే పెడితే ప్రతిధ్వని బీటు మీద కాకుండా బీట్ల మధ్య పడుతుంది, వాయించినదానికి రెట్టింపు కదలిక వినిపిస్తుంది. ఈయనా యూటూ గిటారిస్టు ఎడ్జ్ కూడా ఇష్టంగా వాడిన కోర్గ్ ఎస్‌డీడీ-3000 డిలే యంత్రం సుమారు ఒక సెకను వరకు వెళుతుంది. తిరిగొచ్చే ధ్వనిని కాస్త అటూ ఇటూ ఊగించే సౌకర్యమూ అందులో ఉంది. ఆ ఊగు వల్లే గిటారు తీగ నీళ్లలో కనిపించినట్టు వినిపిస్తుంది.

రెండో పద్ధతి డబ్ వాళ్ల దగ్గర నేర్చుకున్నది. వాయించినదాంట్లోంచి నచ్చిన ఒక చిన్న ముక్కను, అది గిటారు కావచ్చు గొంతు కావచ్చు, విడిగా తీసి యంత్రాల గుండా పంపుతారు. స్థాయి మార్చి, సాగదీసి, మసకబార్చి ఇంకో ట్రాక్ మీదికి ఎక్కించి, అసలు వాయింపు అడుగున సన్నగా తిరిగి పెడతారు. బయటి నుంచి తెచ్చిన ధ్వని కాదు కాబట్టి అది పాట శ్రుతిలోనే ఉంటుంది. తంబూరా పాటకు చేసే పని ఇక్కడ ఆ పాట నుంచే పుట్టిన పొర చేస్తుంది. 'ఫిషర్‌మన్స్ డాటర్'లో ఈ పని బాగా పట్టించుకుని వినొచ్చు. మాటలు పాటకూ పలుకుకూ మధ్య ఉంటాయి, వెనక పరిచిన ధ్వనే సగం కథ నడిపిస్తుంది.

దీన్ని ఇంట్లో అనుకరించబోయి బురద చేసుకునేవాళ్లే ఎక్కువ. కారణం ఎప్పుడూ ఒకటే: రివర్బ్‌లోకి, డిలేలోకి అడుగుధ్వని కూడా వెళ్లిపోవడం. పంపే దారిలో 250 హెర్ట్జ్ కింద కోసేయాలి, పైన 5000 దాటినదాన్నీ కొంత తగ్గించాలి. గొంతుకు రివర్బ్ పెడితే అది మొదలయ్యే ముందు 30 నుంచి 60 మిల్లీసెకన్ల ఖాళీ ఇవ్వాలి. ఆ ఖాళీలో హల్లు తెలిసిపోతుంది, తర్వాత వచ్చే తోక మాటను కప్పదు. బేస్‌కు అసలేమీ పెట్టకూడదు. 'అకాడీ'లో అంత గాలి ఉన్నా బేస్ ఎంత పొడిగా, ఎంత దగ్గరగా ఉందో గమనిస్తే ఈ నియమం ఎందుకో తెలుస్తుంది.

ఆ రోజుల్లో లాన్వా అలవాటు ఇంకొకటి ఉంది. అద్దాల గదిలో ఇంజినీరు, అవతలి గదిలో వాయిద్యకారులు అనే విభజన లేకుండా, ఒక ఇల్లు అద్దెకు తీసుకుని యంత్రాలనూ మనుషులనూ ఒకే గదిలో పెట్టేవాడు. ఇందులో లాభం తెలిసిందే, వాయించేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నష్టం కూడా చెప్పాలి. ఒకరి మైకులోకి ఇంకొకరి ధ్వని దూరుతుంది. ఒకే ధ్వని రెండు మైకులకు 34 సెంటీమీటర్ల తేడాతో చేరితే ఒక మిల్లీసెకను ఆలస్యం వస్తుంది. రెండింటినీ కలిపినప్పుడు 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర ధ్వని తనను తాను కొట్టేసుకుని డొల్లగా తయారవుతుంది. మైకు దాని వాద్యానికి ఎంత దూరంలో ఉందో, పక్క మైకు దానికి కనీసం మూడు రెట్లు దూరంలో ఉండాలన్న సూత్రం అందుకే పుట్టింది. అన్నీ పాటించినా, ఒకరు తప్పు వాయిస్తే వారి ముక్కొక్కటే మార్చడం కుదరదు. ఆ తప్పు పక్కవాడి మైకులోనూ ఉంటుంది మరి. ధైర్యం ఉన్నవాళ్లే చేయగల పని ఇది.

ఫ్రెంచి పాటలు ఆల్బమ్‌కు గుండెకాయ. పొగాకు కోతకు వెళ్లిన కూలీ పాట 'ఓ మరీ'. దక్షిణ ఒంటారియో పొగాకు తోటలకు కెబెక్ నుంచి కోతల కాలంలో కూలీలు వెళ్లేవారు, పాట ఆ బతుకులోంచి వచ్చింది. పుస్తకాల ఫ్రెంచి ఇందులో లేదు, పనిపాటల వాళ్ల యాస ఉంది. ఆ భాష తెలియకపోయినా వినడానికి అడ్డేమీ లేదు, వాక్యం చివర గొంతు కుంగే తీరులోనే నడుంనొప్పి తెలుస్తుంది. 'జోలీ లూయీజ్' ఇంకా గట్టి పాట. గాటినోకు తూర్పున ఉండే జాన్ గీ అనే మిల్లు కార్మికుడు తన గురించి తాను చెప్పుకుంటాడు. ప్రేమించాడు, పెళ్లాడాడు, పిల్లలు పుట్టారు, మిల్లులో పని పోయింది, తాగుడు మొదలైంది, భార్యాపిల్లలు దూరమయ్యారు. ఒకే చరణంలో ఫ్రెంచి, ఇంగ్లీషు మార్చి మార్చి వస్తాయి, ఆ ప్రాంతపు మనుషులు మాట్లాడుకునేట్టే. బాణీ మాత్రం మొదటి నుంచి చివరిదాకా పెళ్లిసందడిలా గెంతుతూనే ఉంటుంది. ఉద్యోగం పోయిన చోట బాణీని విషాదంలోకి మార్చే అవకాశం ఉన్నా మార్చలేదు. అదే ఊపు. జానపద కథాగీతాలు బాగా తెలిసినవాడు తీసుకున్న నిర్ణయం అది. 'అండర్ ఎ స్టార్మీ స్కై' కూడా రెండు భాషల ఊపు పాటే, కానీ 'జోలీ లూయీజ్' పక్కన తేలికైనది.

గొంతు గురించి దాచకుండా చెప్పుకోవాలి. లాన్వా గొప్ప గాయకుడేమీ కాడు. స్థాయి చిన్నది, పైకి ఎక్కితే పలచబడుతుంది. ఆ సంగతి తెలిసిన ప్రొడ్యూసర్ తనకు తానే ఉపాయాలు చూసుకున్నాడు. బాణీలన్నీ మాట్లాడే స్థాయికి దగ్గరగా ఉన్నాయి. పాడే తీరు చెవి దగ్గర చెప్పినట్టు ఉంటుంది. ఒక దిక్కు నుంచే వినే మైకులకు పది సెంటీమీటర్ల లోపు దగ్గరగా పాడితే గొంతులో అడుగుధ్వని దానంతటదే పెరుగుతుంది, సన్నని గొంతుకు అదొక ఆసరా. చేసి చూసేవాళ్లకు ఒక హెచ్చరిక: అంత దగ్గరలో 'ప', 'బ' లాంటి అక్షరాలు మైకులో పేలతాయి, కాబట్టి నోటికి నేరుగా కాకుండా కాస్త పక్కకు మైకు పెట్టాలి. 'సీలియమ్స్ హిల్', 'సెయింట్ ఆన్స్ గోల్డ్' లాంటి నెమ్మది పాటల్లో ఈ గొంతే సరైన గొంతు అనిపిస్తుంది.

అసలు పాడగల మనిషి చివరి పాటలో ముందుకు వస్తాడు. క్రైస్తవ భక్తిగీతం 'అమేజింగ్ గ్రేస్' మాటలు 1779లో అచ్చయ్యాయి, ఇవాళ అందరికీ తెలిసిన బాణీ వాటికి 1835లో జతపడింది. అప్పటి నుంచి వేలమంది పాడారు. ఇక్కడ నెవిల్ బ్రదర్స్ గాయకుడు ఆరన్ నెవిల్ పాడాడు. భారీ మనిషి, పల్చని ఎత్తైన గొంతు, ఒక్కో అక్షరం మీద నాలుగైదు స్వరాలు వణికించే గమకం. చర్చి పియానో లాంటి తోడు ఇవ్వకుండా, చీకటిగా కదలాడే ధ్వని పొర మీద ఆ గొంతును వదిలేశాడు లాన్వా. బాణీ కింద ఎప్పుడూ వచ్చే స్వరసంగతులు రాకపోవడంతో బాగా ఎరిగిన పాటే ఎటు తిరుగుతుందో తెలియకుండా పోతుంది. అంతవరకూ తానే పాడి, ఆఖరి మాట ఇంకొకరికి ఇవ్వడం ప్రొడ్యూసర్‌కే తట్టే ఆలోచన. గాయకుడి అహం ఉన్నవాడు ఒప్పుకోడు.

లోపాలు ఎక్కువగా రెండో సగంలో ఉన్నాయి. 'వేర్ ద హాక్‌విండ్ కిల్స్' రాక్ వైపు మొగ్గిన పాట, చేసిన తీరు బాగుంది గానీ పాటగా గుర్తుండదు. ఆ ఏళ్లలో ఈయన ఇతరులకు చేసిపెట్టిన రికార్డుల్లోంచి జారిపడినట్టు ఉంటుంది. 'ఐస్' వాతావరణం కట్టింది, లోపలికి ఎవరినీ రానివ్వలేదు. 'వైట్ మస్టాంగ్ 2' మాటలు లేని చిన్న ముక్క, రెండు పాటల మధ్య ఊపిరికి పనికొస్తుంది, అంతకు మించి ఆశించకూడదు. అడుగూ గాలీ ఉండి నడుమ ఎముక లేకపోతే లాన్వా పద్ధతి పనిచేయదని ఈ మూడూ చూపిస్తాయి. జానపద పాట గట్టిగా ఉన్న చోటల్లా ఆల్బమ్ నిలబడింది.

వినే పద్ధతి మీద చాలా ఆధారపడే రికార్డు ఇది. బేస్ గిటారు అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకర్ 200 కింద దాదాపు ఏమీ పలకదు. అంటే ఫోన్‌లో 'ద మేకర్' విన్నవాళ్లు ఆ పాట నడకను విననే లేదు. స్పీకర్లయితే రెండింటికీ మీకూ సమదూరం ఉండేలా పెట్టుకుని, గోడకు కనీసం అర మీటరు ముందుకు జరపండి. మూలలో పెడితే అడుగుధ్వని ఉబ్బి, పొడిగా ఉండాల్సిన బేస్ గుమ్మటంలో మోగినట్టు అవుతుంది. హెడ్‌ఫోన్లలో గిటారు పొరలు చక్కగా విడిపోతాయి, కానీ కొందరు బేస్ పెంచే బటన్ ఎప్పుడూ నొక్కే ఉంచుతారు. దాన్ని తీసేయాలి. వాల్యూమ్ కూడా మాట్లాడుకునే స్థాయి కంటే కాస్త పైన ఉండాలి. తక్కువ శబ్దంలో మన చెవికి అడుగుధ్వనులు ముందు మాయమవుతాయి.

2008లో 'గోల్డ్‌టాప్ ఎడిషన్' పేరుతో అదనపు పాటలు చేర్చి మళ్లీ విడుదల చేశారు. లాన్వా చేతిలో ఎప్పుడూ కనిపించే 1953 నాటి గిబ్సన్ లెస్ పాల్ గోల్డ్‌టాప్ గిటారును గుర్తుచేసే పేరు. ఆయన పని తీరు మీద ఆసక్తి ఉన్నవాళ్లకు అది కొనదగ్గదే. కాకపోతే మొదటిసారి వినేటప్పుడు పన్నెండో పాట దగ్గర ఆపేయండి. 'అమేజింగ్ గ్రేస్' తర్వాత ఏ పాట వచ్చినా ఆ ముగింపు చెడుతుంది. స్ట్రీమింగ్‌లో వింటుంటే షఫుల్ తీసేయడం మరిచిపోవద్దు. 'స్టిల్ వాటర్' నుంచి 'జోలీ లూయీజ్' దాకా ఉన్న నాలుగు పాటల వరస ఆ క్రమంలోనే అర్థవంతం.

ఇది నచ్చినవాళ్లు తర్వాత వినాల్సింది ఈయన సొంత ఆల్బమ్‌లలోనే ఉండాలని లేదు. 1993 నాటి 'ఫర్ ద బ్యూటీ ఆఫ్ వైనోనా' దీని కంటే కరుకు, గిటారు పాలు ఎక్కువ. 2005 నాటి 'బెల్లడోనా'లో మాటలే లేవు, పెడల్ స్టీల్ ఇష్టమైతే తప్ప నిద్రొస్తుంది. ఇదే పద్ధతి ఇంకొకరి గొంతుకు అమరితే ఎలా ఉంటుందో తెలియాలంటే అమెరికా కంట్రీ గాయని ఎమ్మీలూ హారిస్ 'రెకింగ్ బాల్' (1995) వినండి. అందులో గొంతు సమస్య లేదు. 'ద మేకర్'ను ఆమె 1998 నాటి 'స్పైబాయ్' లైవ్ రికార్డులో పాడింది, అదే ఏడాది లాన్వా ప్రొడ్యూస్ చేసిన 'టెయాత్రో'లో కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ పాడాడు. మూడింటినీ వరసగా పెట్టుకుని ఒకసారి గొంతును వదిలేసి బేస్ వెంట మాత్రమే వెళ్లండి. నెల్సన్ ఎప్పటిలాగే తాళానికి అటూ ఇటూ జారుతూ పాడుతుంటే, అంత స్వేచ్ఛ ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో అడుగున దొరుకుతుంది.